బెంగళూరు ట్రాఫిక్‌లో తిరిగే కారుకు ఆయిల్ మార్పు: తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్లి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు కారు ఆయిల్ గురించి మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. ఆయిల్ మార్చిన రోజు జరిగిన చిన్న పొరపాటుతో నిక్షేపంలాంటి ఇంజిన్ పోగొట్టుకున్నవాళ్లున్నారు. అందుకే ఏ ఆయిల్ కొనాలన్న దానికంటే, మార్చేటప్పుడు పక్కన నిలబడి ఏం చూడాలి, ఆ తర్వాత రెండు మూడు రోజులు ఏం గమనించాలి అన్నదానికే ఎక్కువ చోటిచ్చాను.

మాన్యువల్‌లో పది వేల కిలోమీటర్లని ఉంది. అప్పటిదాకా ఆగొచ్చా?

చాలా కార్లకు కంపెనీలు చెప్పే లెక్క 10,000 కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం, ఏది ముందొస్తే అది. ఆ లెక్క తప్పు కాదు. కానీ బెంగళూరులో మీటర్ మీది అంకె సగం సంగతే చెబుతుంది. ఆఫీసు టైములో వైట్‌ఫీల్డ్ నుంచి సిల్క్ బోర్డ్ మీదుగా ఎలక్ట్రానిక్ సిటీకి వెళ్లేవాళ్లకు తెలుసు, కారు కదిలేది తక్కువ, ఇంజిన్ తిరిగేది ఎక్కువ.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. హైవే మీద సగటున గంటకు 60 కిలోమీటర్ల వేగంతో 10,000 కిలోమీటర్లు తిరిగితే ఇంజిన్ సుమారు 167 గంటలు పనిచేసినట్టు. అదే దూరం ఊళ్లో సగటున 15 కిలోమీటర్ల వేగంతో తిరిగితే 667 గంటలు. నాలుగు రెట్లు. మీటర్ మాత్రం రెండు కార్లకూ ఒకే అంకె చూపిస్తుంది. పైగా సిగ్నళ్ల దగ్గర ఆగి ఉన్నప్పుడు రేడియేటర్‌కు ఎదురుగాలి తగలదు, బానెట్ కింద వేడి పేరుకుంటుంది.

మాన్యువల్‌లో సర్వీస్ షెడ్యూల్ ఉన్నచోటే, ఎక్కువసేపు ఐడిలింగ్ (కారు కదలకుండా ఇంజిన్ తిరగడం), దుమ్ము, చిన్న చిన్న ట్రిప్పులు ఉంటే ఇంకా ముందుగా మార్చమని మరో పట్టిక ఉంటుంది. చాలామంది అది చదవరు. మన ఊరి వాడకం దాదాపుగా ఆ పట్టికలోదే. రోజూ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో తిరిగే కారైతే 7,000, 7,500 దగ్గర మార్చేయమని నేను చెబుతాను. రెండు మూడు వేలు ఖర్చు ముందుకు జరుగుతుంది, అంతే.

వర్క్ ఫ్రమ్ హోమ్ వల్ల కారు ఏడాదికి మూడు వేలు కూడా తిరగలేదు. మార్చాలా?

మార్చాలి. ఇంటి నుంచి మెట్రో స్టేషన్ దాకా, కూరగాయల అంగడి దాకా తిరిగే కారులో ఇంజిన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆపేస్తాం. లోపల చేరిన తేమ, కాలకుండా మిగిలిన పెట్రోల్ ఆవిరై పోవడానికి టైమ్ ఉండదు. అవి ఆయిల్‌లోనే ఉండిపోతాయి. అలాంటి కారుకు కిలోమీటర్లను పక్కన పెట్టి, సంవత్సరం గడువే పాటించండి.

మన ఎండలకు చిక్కటి ఆయిల్ మంచిదని మెకానిక్ అంటున్నాడు. నిజమేనా?

కాదు. పాత కార్ల రోజుల్లో 20డబ్ల్యూ-50 అనే చిక్కటి ఆయిల్ వాడేవారు కాబట్టి ఆ మాట అలా నిలిచిపోయింది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక లోపలి వేడిని అదుపులో ఉంచేది థర్మోస్టాట్, రేడియేటర్. బయట 24 డిగ్రీలున్నా 36 ఉన్నా లోపల పెద్ద తేడా రాదు. ఇప్పటి ఇంజిన్లలో బేరింగుల మధ్య సందు చాలా సన్నం. వాల్వ్ టైమింగ్ మార్చే వ్యవస్థ కూడా చాలా కార్లలో ఆయిల్ ఒత్తిడితోనే నడుస్తుంది. అందులో చిక్కటి ఆయిల్ పోస్తే పొద్దున స్టార్ట్ చేసినప్పుడు పైదాకా చేరడానికి ఆలస్యమవుతుంది, మైలేజీ కూడా తగ్గుతుంది.

0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 అన్నప్పుడు మొదటి అంకె చలిలో ఆయిల్ ఎలా పారుతుందో చెబుతుంది, రెండోది వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. 5డబ్ల్యూ ఆయిల్‌ను మైనస్ 30 డిగ్రీల దగ్గర పరీక్షిస్తారు. బెంగళూరులో ఇంతవరకు నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1884 జనవరిలో వచ్చిన 7.8 డిగ్రీలు. కాబట్టి ఇక్కడి చలికి భయపడి గ్రేడ్ మార్చక్కర్లేదు, ఎండకు భయపడి కూడా మార్చక్కర్లేదు. మాన్యువల్‌లో ఏ గ్రేడ్ రాసుంటే అదే పోయించండి.

గ్రేడ్ పక్కన, ఆయిల్ నాణ్యత స్థాయిని చెప్పే ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) అక్షరాలు కూడా చూడండి. ఎస్‌పీ అనేది 2020లో వచ్చింది. చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్లలో తక్కువ వేగంలో ఇంధనం ముందుగానే అంటుకుని ఇంజిన్‌ను దెబ్బతీసే సమస్యకు, టైమింగ్ చైన్ అరుగుదలకు ఇందులో పరీక్షలు పెట్టారు. టర్బో పెట్రోల్ కారున్నవాళ్లు పాత ఎస్ఎల్, ఎస్ఎమ్ డబ్బా చవకగా వస్తోందని తీసుకోవద్దు.

బ్రాండ్ మారిస్తే ప్రమాదమా?

గ్రేడ్, స్పెసిఫికేషన్ ఒకటే అయితే ఏ మంచి బ్రాండైనా పర్వాలేదు. దారిలో ఆయిల్ తగ్గితే వేరే బ్రాండ్ అర లీటరు పోసినా ఇంజిన్‌కు ఏమీ కాదు. ఆయిల్ లేకుండా నడపడమే ప్రమాదం.

నకిలీ ఆయిల్ కాదని ఎలా తెలుసుకోవాలి?

సీల్డ్ క్యాన్ మీ కళ్లముందే తెరిపించండి. మూత రింగు అప్పుడే తెగాలి. క్యాన్ మీద బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎమ్మార్పీ చెరిగిపోకుండా ఉండాలి. క్యూఆర్ కోడ్ ఉంటే అక్కడే స్కాన్ చేయండి. డ్రమ్ములోంచి జగ్గుతో తెచ్చి పోస్తానంటే మర్యాదగా వద్దనండి. స్పేర్ పార్టుల షాపులుండే జె.సి.రోడ్డులో కొన్నా, ఇంటి పక్క షాపులో కొన్నా బిల్లు తీసుకోండి. ఖాళీ క్యాన్‌ను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చిల్లు పెట్టాకే పారేయించండి. చిల్లు పడిన క్యాన్‌లో మళ్లీ ఎవరూ ఆయిల్ నింపలేరు.

గ్యారేజీలో పక్కన నిలబడి ఏం చూడాలి?

ఈ ఒక్క ప్రశ్న కోసమే ఈ పేజీ రాశానంటే తప్పులేదు. అరగంట పని. ఫోన్ జేబులో పెట్టి చూడండి.

ముందు ఇంజిన్ ఐదు పది నిమిషాలు నడిచి వేడెక్కి ఉండాలి. గోరువెచ్చటి ఆయిల్ మురికిని వెంటబెట్టుకుని దిగుతుంది. అప్పుడే హైవే నుంచి వచ్చిన కారైతే మాత్రం కాసేపు ఆగాలి, ఆ ఆయిల్ చెయ్యి కాల్చేస్తుంది. పైన ఆయిల్ పోసే మూత చుట్టూ దుమ్ము తుడిచాకే మూత తీయాలి. తుడిచే బనియన్ వేస్ట్ గుడ్డ పీచులు లోపల పడకూడదు. కింద ఆయిల్ పీల్చే గొట్టానికి జాలీ ఉంటుంది, పీచులు వెళ్లి అక్కడ అడ్డుపడతాయి.

చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కింద డ్రెయిన్ బోల్ట్ విప్పాక ఆయిల్ ధార సన్నబడి చుక్కలయ్యేదాకా కారనివ్వండి. ఆ బోల్ట్‌కు ఉండే వాషర్ నలిగి కూర్చుంటేనే లీకు ఆగుతుంది. ఒకసారి నలిగిన వాషర్ రెండోసారి సరిగ్గా కూర్చోదు. కొత్తది యాభై వంద రూపాయల వస్తువు, తప్పకుండా వేయించండి. బోల్ట్‌ను ముందు చేత్తో తిప్పాలి, మర సరిగ్గా ఎక్కాకే పానా పెట్టాలి. పానాకు పైపు తొడిగి బలమంతా పెట్టి బిగిస్తుంటే ఆపండి. చాలా చాంబర్లు అల్యూమినియంవి. మర పోయిందంటే చాంబరే మార్చాల్సి రావచ్చు.

ఫిల్టర్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. పాత ఫిల్టర్ బయటికి రాగానే దాని నోటి దగ్గర రబ్బరు రింగు ఉందో లేదో చూడండి. లేకపోతే అది ఇంజిన్‌కే అతుక్కుని ఉంది. దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే రింగు మీద రింగు కూర్చుంటుంది, ఆయిల్ ఒత్తిడి పెరగగానే పక్కకు జారి ధార కడుతుంది. కొత్త రింగుకు వేలితో కొంచెం కొత్త ఆయిల్ రాయాలి. రింగు తగిలాక చేత్తోనే సుమారు ముప్పావు చుట్టు, లేదా ఫిల్టర్ మీద రాసినంత బిగించాలి. మీ కారులో లోపలి కాగితపు ఫిల్టర్ మాత్రమే మార్చే రకమైతే, దాని మూతకు ఉండే రబ్బరు ఓ-రింగును కూడా కొత్తది వేయాలి.

ఇది నాకు అనుభవమే. ఒక గ్యారేజీలో నా పాత చిన్న పెట్రోల్ కారుకు ఆయిల్ మార్పించి, ఆఫీసు కాల్ వచ్చిందని బయట నిలబడ్డాను. అక్కడి నుంచి నాలుగు కిలోమీటర్లు, టిన్ ఫ్యాక్టరీ దగ్గర ట్రాఫిక్‌లో మీటర్‌లో ఎర్రటి నూనెకుప్పె లైటు ఒక్కసారి మిణుకుమంది. వెంటనే ఎడమకు తీసి ఇంజిన్ ఆపాను. దిగి వెనక్కి చూస్తే తారురోడ్డు మీద తడి గీత, బంపర్ కింద టపటపా కారుతున్న తేనెరంగు ఆయిల్, అప్పుడే పోసిన కొత్త ఆయిల్. టోయింగ్ చేయించి వేరే చోట ఫిల్టర్ విప్పిస్తే రెండు నల్లటి రింగులు వచ్చాయి. పాతది గట్టిపడి, అంచు పగిలి ఉంది. కొత్తది మెలికపడి పక్కకు జరిగి ఉంది. లైటు చూసీ, ఆఫీసు దగ్గరే కదా అని ఇంకో కిలోమీటరు పోయుంటే ఇంజిన్ పట్టేసేది. ఆ రోజు నుంచి నేను పాత ఫిల్టర్‌ను చేతిలోకి తీసుకుని చూడకుండా ఉండను.

కన్నడ సరిగ్గా రాదు. మెకానిక్‌కు ఎలా చెప్పాలి?

బెంగళూరులో చాలా గ్యారేజీల్లో తెలుగు అర్థమవుతుంది. కోలారు, చిత్తూరు, అనంతపురం వైపు నుంచి వచ్చినవాళ్లు ఎక్కువ. అయినా మూడు మాటలు నేర్చుకోండి. “హళే ఫిల్టర్ తోర్సి అణ్ణా” అంటే పాత ఫిల్టర్ చూపించండి అన్నా అని. “హొస వాషర్ హాకి” అంటే కొత్త వాషర్ వేయండి. “ఆయిల్ లెవెల్ తోర్సి” అంటే లెవెల్ చూపించండి. నవ్వుతూ అడిగితే ఎవరూ తప్పు పట్టుకోరు. చేతిపని బాగా తెలిసిన మెకానిక్‌కు చూసే మనిషి ఉండటం ఇష్టమే.

కొత్త ఆయిల్ పోశాక మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఏ జాగ్రత్త?

ఆ కొన్ని సెకన్లు ఇంజిన్‌కు చాలా కష్టకాలం. కొత్త ఫిల్టర్ ఖాళీగా ఉంది, ఆయిల్ దారుల్లో గాలి ఉంది. పంపు ముందు ఫిల్టర్‌ను నింపాలి, తర్వాతే బేరింగులకు, పైనున్న క్యామ్‌లకు ఆయిల్ అందుతుంది. ఫిల్టర్ నోరు పైకి చూసేలా బిగించే ఇంజినైతే, ముందుగానే దాన్లో కొంచెం కొత్త ఆయిల్ పోసి బిగించవచ్చు.

స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేయండి. ఎర్ర లైటు కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఇంజిన్ పైభాగం నుంచి టకటకమనే టాపెట్ శబ్దం ఒకటి రెండు సెకన్లు వినబడి తగ్గితే కంగారు లేదు. పది సెకన్లు దాటినా లైటు ఆరకపోతే ఇంజిన్ ఆపేయండి. “రైజ్ చేస్తే పోతుంది సార్” అంటే ఒప్పుకోవద్దు. ఆయిల్ అందని ఇంజిన్‌ను రైజ్ చేస్తే లోహం మీద లోహం రాసుకుంటుంది.

లైటు ఆరాక ఒకటి రెండు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి, టార్చ్ వేసి డ్రెయిన్ బోల్ట్, ఫిల్టర్ చుట్టూ చూడండి. తర్వాత ఆపి, కారు చదునైన నేల మీద ఉండగా ఐదు పది నిమిషాలు ఆగి గేజ్ కడ్డీ తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడండి. ఫిల్టర్ నిండటానికి కొంత ఆయిల్ పోతుంది కాబట్టి లెవెల్ కాస్త దిగొచ్చు. అప్పుడు కొంచెం కొంచెంగా పోయించండి.

ఆయిల్ కొంచెం ఎక్కువ పడితే మంచిదే కదా?

మంచిది కాదు. చాలా కార్లలో కడ్డీ మీద కింది గీతకు, పై గీతకు మధ్య తేడా సుమారు ఒక లీటరే. పై గీత దాటి బాగా నింపితే తిరిగే క్రాంక్ ఆయిల్‌ను కవ్వంలా చిలుకుతుంది, నురగ వస్తుంది. నురగలో గాలి ఉంటుంది, గాలితో బేరింగ్ నిలవదు. ఎక్కువైన ఆయిల్ ఆవిరిగొట్టం గుండా ఇన్‌టేక్‌లోకి వెళ్లి కాలి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడు చేస్తుంది. డీజిల్ ఇంజినైతే తన ఆయిల్‌ను తానే తాగి, తాళం తీసినా ఆగకుండా తిరిగే ప్రమాదం కూడా ఉంది. చిన్న పెట్రోల్ కార్లు చాలావాటికి 3 నుంచి 3.5 లీటర్లు సరిపోతాయి. క్యాన్‌లో మిగిలిందని మొత్తం పోసేయనివ్వద్దు, మిగిలింది ఇంటికి తెచ్చుకోండి. పై గీతకు కొంచెం కిందుగా ఉంటే చాలు.

ఇంజిన్ ఫ్లష్, అడిటివ్‌లు వేయించాలా?

టైముకు ఆయిల్ మార్చే కారుకు రెండూ అక్కర్లేదు. చాలాకాలం మార్చని పాత ఇంజిన్‌లో ఫ్లష్ పోస్తే గడ్డకట్టిన మడ్డి ఒక్కసారిగా ఊడి జాలీకి అడ్డుపడొచ్చు. అలాంటి ఇంజిన్‌కు మంచి ఆయిల్ పోసి, రెండు మూడు వేల కిలోమీటర్లకే మళ్లీ మార్చడం నయం.

ఇంటికొచ్చాక ఏం గమనించాలి?

ఆ రాత్రి పార్కింగ్‌లో ఇంజిన్ కింద ఒక అట్టముక్క పరచండి. అమెజాన్ డబ్బా విప్పి పరిస్తే చాలు. పొద్దున అట్ట మీద చుక్క ఉంటే ఎక్కడి నుంచో కూడా తెలుస్తుంది. కొన్ని కార్లకు కింద ప్లాస్టిక్ కవచం ఉంటుంది, కారిన ఆయిల్ దాన్లోనే నిలిచి నేల మీద పడదు. అలాంటి కారుకు కడ్డీనే నమ్మండి. మర్నాడు పొద్దున స్టార్ట్ చేయకముందు ఒకసారి, వంద కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూడండి.

డీజిల్ కారులో ఆయిల్ రెండు రోజులకే నల్లబడితే మోసపోయామని టెన్షన్ పడకండి. మసిని పట్టుకోవడం ఆయిల్ పనే. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కనబడితే అది వేరే సంగతి. మూత కింద మాత్రమే కొంచెం తెల్లటి జిడ్డుంటే చిన్న ట్రిప్పుల తేమ కావచ్చు, ఒకరోజు దూరం నడపండి. కడ్డీ మీద కూడా అలాగే ఉంటే కూలెంట్ కలుస్తోందని అర్థం, కారు నడపకుండా చూపించండి.

సంక్రాంతికి ఊరికి వెళ్తున్నాం. ముందురోజు ఆయిల్ మార్పించొచ్చా?

వారం ముందు మార్పించండి. పండగ ముందు గ్యారేజీల్లో వరసగా కార్లుంటాయి, చేతులు తొందరపడతాయి. ఏదైనా పొరపాటు ఉంటే మన వీధిలోనే బయటపడాలి కానీ, పలమనేరు దాటి మొగిలి ఘాట్‌లో పిల్లలు, సామాన్లు కారులో ఉండగా కాదు. బయలుదేరే రోజు పొద్దున చల్లగా ఉన్న ఇంజిన్‌కు కడ్డీ చూసి, అదే గ్రేడ్ ఒక లీటరు డిక్కీలో పెట్టుకోండి.

దారిలో ఎర్ర ఆయిల్ లైటు వెలిగితే?

ఎడమకు తీసి వెంటనే ఆపండి. పెట్రోల్ లైటులా కాదు ఇది, బంకుదాకా వెళ్లే టైమ్ ఇవ్వదు. లెవెల్ తక్కువుంటే పోసి చూడండి. లెవెల్ సరిగ్గా ఉన్నా లైటు వెలుగుతుంటే టోయింగే దారి.

బీఎస్6 డీజిల్ కారులో ఆయిల్ లెవెల్ దానంతటదే పెరుగుతోంది. ఎందుకు?

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 (పొగ కాలుష్య ప్రమాణం) డీజిల్ కార్లలో మసిని పట్టే డీపీఎఫ్ అనే ఫిల్టర్ పొగగొట్టంలో ఉంటుంది. అది నిండినప్పుడు లోపలి మసిని కాల్చడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ చల్లుతుంది. చాలా ఇంజిన్లలో ఆ డీజిల్ సిలిండర్‌లోకే వస్తుంది, కొంత గోడల వెంట జారి చాంబర్‌లో దిగుతుంది. హైవే మీద ఈ పని ఒక్కసారిలో పూర్తవుతుంది. మన ట్రాఫిక్‌లో సగంలో ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగుతుంది. ప్రతిసారీ కొంచెం డీజిల్ ఆయిల్‌లో కలుస్తుంది. లెవెల్ పైగీత దాటి, డీజిల్ వాసన వస్తుంటే కిలోమీటర్లు చూడకుండా ఆయిల్ మార్చేయండి. పలచబడ్డ ఆయిల్ బేరింగులను కాపాడలేదు. రెండు వారాలకోసారి తెల్లవారుజామున ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద దేవనహళ్లి వైపు ఇరవై నిమిషాలు ఒకే వేగంతో నడిపి రండి. ఈ కార్లకు బూడిద తక్కువ వచ్చే ఆయిలే పోయాలి, మాన్యువల్‌లో ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) సీ2, సీ3 లాంటి గుర్తు ఉంటుంది. మామూలు డీజిల్ ఆయిల్ బూడిద డీపీఎఫ్‌లో చేరితే కాల్చినా పోదు.

టర్బో కారుకు వేరే జాగ్రత్త ఉందా?

టర్బో లోపలి ఇరుసు ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. స్టార్ట్ చేయగానే తొక్కకండి. ఘాట్ ఎక్కి వచ్చాక, హైవే నుంచి దిగగానే అర నిమిషం, ఒక నిమిషం ఐడిలింగ్‌లో ఉంచి ఆపండి.

వర్షానికి బేస్‌మెంట్‌లో కారు మునిగింది. ఆయిల్ మారిస్తే చాలా?

2022 సెప్టెంబర్‌లో బెళ్లందూరు, యమలూరు, సర్జాపుర రోడ్డు వైపు నీళ్లు నిలిచినప్పుడు ఎన్నో కార్లు మునిగాయి. నీళ్లు తగ్గగానే తాళం తిప్పి చూడాలనిపిస్తుంది, దయచేసి తిప్పకండి. సిలిండర్‌లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బ్యాటరీ వైరు తీయించి, ఫొటోలు తీసి, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పి టోయింగ్ చేయించండి. మునిగాక స్టార్ట్ చేస్తే వచ్చిన నష్టానికి మామూలు పాలసీలో సాధారణంగా డబ్బు రాదు. దానికి ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ విడిగా తీసుకోవాలి.

అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో నేనే మార్చుకోవచ్చా? పాత ఆయిల్ ఏం చేయాలి?

అసోసియేషన్ ఒప్పుకుంటే, నేల చదునుగా ఉంటే మార్చుకోవచ్చు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరకండి, స్టాండులు తప్పనిసరి. వారంటీ ఉన్న కారైతే మాత్రం ఆథరైజ్డ్ సర్వీస్‌లోనే చేయించి, గ్రేడ్, కిలోమీటర్లు రాసిన బిల్లు దాచుకోవడం మేలు.

వాడిన ఆయిల్‌ను 2016 నాటి కేంద్ర నిబంధనలు ప్రమాదకర వ్యర్థంగా లెక్కేస్తాయి. దాన్ని కాలువలో పోస్తే రాజకాలువ (వాననీటి పెద్ద కాలువ) గుండా చెరువుకే చేరుతుంది. పోయడానికి తెచ్చిన క్యాన్‌లోనే తిరిగి నింపి, మూత బిగించి, పాత ఫిల్టర్‌ను బోర్లించి ఆయిల్ వడిసిపోయాక కవర్‌లో కట్టి, రెండూ సర్వీస్ సెంటర్‌కో, పాత ఆయిల్ తీసుకునే గ్యారేజీకో ఇవ్వండి. అక్కడి నుంచి రీసైక్లింగ్‌కు ఎవరు తీసుకెళ్తారో ఒక మాట అడిగాకే ఇవ్వండి.